చెయ్యెత్తిన మనిషి చెల్లెలు

మాట వినపడని చోట పనిచేసేవాళ్ళకి చేతులే నోళ్ళు. ఓడరేవులో కింద నిలబడ్డవాడు వేలు గుండ్రంగా తిప్పితే పైన క్రేను మెడ తిప్పుతుంది. రాతి గనిలో మేస్త్రీ రుమాలు ఊపితే కూలీలంతా బండల చాటుకి పరిగెత్తుతారు. వేలంపాటలో వేళగాని వేళ ముక్కు గోక్కుని, అక్కర్లేని బీరువా ఇంటికి మోయించుకొచ్చి, పెళ్ళాం చేత నాలుగు మాటలు పడ్డవాళ్ళు ఏ దేశంలో వెతికినా దొరుకుతారు. మైకుసెట్టు వాళ్ళదీ ఆ కోవే. ఊరందరికీ వినపడేలా చెయ్యడం వాళ్ళ వృత్తి. బాకాల హోరులో వాళ్ళలో వాళ్ళకి మాత్రం ఒక్క ముక్క వినపడదు.

సౌండక్క పుట్టింది అలాంటి ఇంట్లో. మంచాల కింద వైరు చుట్టలు, వంటింటి గుమ్మం పక్కన బాకాలు, బాకాల్లో పిల్లి కాపరం. అన్నాచెల్లెళ్ళిద్దరూ అక్షరాల కంటే ముందు తండ్రి సైగలు నేర్చుకున్నారు. అరచెయ్యి పైకెత్తితే సౌండు తగ్గించమని. పిడికిలి బిగిస్తే ఆపెయ్యమని. చెవి వెనక చెయ్యి పెట్టుకుంటే వెనకవాళ్ళకి అందడం లేదని. పొట్ట మీద తట్టుకుంటే ఆకలి దంచేస్తోంది, ఈ మహానుభావుడు ఎప్పటికి ముగిస్తాడో అని. అన్నిటికంటే అరిగిపోయిన సైగ అదే. పెద్దయ్యాక కూడా ఇద్దరూ అన్నాల దగ్గర కూర్చుని, నోరు మెదపకుండా, చేతులతోనే హోరాహోరీగా పోట్లాడుకునేవారు. కొత్తగా కాపరానికొచ్చిన వదిన కొన్నాళ్ళు చూసి, "తిట్టుకోండి, నేను అడ్డం రాను. దేనికి తిట్టుకుంటున్నారో అదైనా పైకి చెప్పండి, నాకూ కాలక్షేపం" అందట.

అన్నయ్య వేదిక ముందుండేవాడు. చెల్లెలు పక్కగా, టార్పాలిన్ కింద, ఆంప్లిఫయరు దగ్గర కూర్చునేది. ఆడపిల్ల ఆంప్లిఫయరు ముందు కూర్చోవడమేమిటని అడిగినవాళ్ళకి అన్నయ్య ఒకటే చెప్పేవాడు. "దాని చెవి కుక్క చెవి. నాకది లేదు." ఇది మెచ్చుకోలా తిట్టా అని ఆమె ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ రోజు సభ మైదానంలో. మాట్లాడుతున్నది పెద్దాయన. ఆ రాజ్యంలో సగం మంది తల మీద పెట్టుకున్న నాయకుడు, మిగతా సగం మంది పళ్ళు నూరుకున్న నాయకుడు. మంచి ఊపులో ఉండగా మైకు కూత పెట్టింది. అన్నయ్య అరచెయ్యి పైకెత్తాడు. పెద్దాయన మాట ఆపి ఆ చేతివైపు తిరిగాడు. చెల్లెలు మీట తిప్పింది. అంతలో ఢామ్మని చప్పుడు. ఇంకెవరైనా అయితే తుపాకీ అనుకునేవారు. మైకుసెట్టు ఇంట్లో పుట్టింది కాబట్టి ఆమె బాకా పగిలిందనుకుంది. బాకా పగిలితే ముందు కరెంటు తీసెయ్యాలన్నది తండ్రి నేర్పిన మొదటి పాఠం. తీసేసింది. మైదానం మొత్తం మూగబోయింది. ఆమె లేచి, ఏ బాకా పోయిందా అని స్తంభాల పైకి చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత కళ్ళు కిందికి దించితే, వేదిక మీద పెద్దాయన పడి ఉన్నాడు.

చెయ్యి లేచింది, తుపాకి పేలింది, మైకు ఆగింది. వరసపెట్టి చెప్పుకుంటే ఇంతకంటే పకడ్బందీ కుట్రని ఏ కథకుడూ అల్లలేడు. కాల్చినవాడు వేదిక వెనక తెర చాటున ఉన్నాడు. వాణ్ణి కాపలావాళ్ళు అక్కడికక్కడే కాల్చేశారు. ఇక వాణ్ణి అడిగి తెలుసుకునే దారి లేదు. అడగడానికి మిగిలింది అన్నయ్య ఒక్కడే. పోలీసులు ఆయన్ని తీసుకెళ్ళి, ఒకటే ప్రశ్నని పది రకాలుగా అడిగి, ఒక సాయంత్రం "ఇక వెళ్ళు" అన్నారు. ఎందుకు పిలిచారో, ఎందుకు పొమ్మన్నారో చెప్పలేదు. చెల్లెల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె పక్కన అన్నం క్యారియరు ఉంది. అన్నకి భోజనం పట్టుకొచ్చిన పిల్ల అనుకుని, "పక్కకి జరగమ్మా" అన్నారు. ఆమె జరిగింది.

మర్నాడు పత్రికల్లో ఫొటో వచ్చింది. గాలిలో లేచిన అరచెయ్యి, దానివైపు చూస్తున్న పెద్దాయన. అప్పటినుంచి అన్నయ్యకి పేరు పోయి 'చెయ్యెత్తినవాడు' మిగిలాడు. ఎవరూ మొహాన అనలేదు. అంటే జవాబు చెప్పుకునే వీలుండేది. కూరగాయల కొట్టులో ఆయన వస్తే మాటలాగిపోయేవి, వెళ్తే మొదలయ్యేవి. అన్నయ్య మళ్ళీ ఏ సభకీ వెళ్ళలేదు. కొట్టు వెనక గదిలో కూర్చుని, కాలిపోయిన కాయిళ్ళు విప్పి కొత్త తీగ చుట్టడం పనిగా పెట్టుకున్నాడు. ముందు కొట్టు చెల్లెలిదైంది. బాకాలు పోయి స్పీకరు డబ్బాలొచ్చాయి. డబ్బాలు పోయి మనిషెత్తు గోడలొచ్చాయి. ఊరు ఆమెకి 'సౌండక్క' అని పేరు పెట్టింది. జెనరేటర్లు అద్దెకిచ్చే ఒకాయన్ని ఆమె పెళ్ళి చేసుకుంది. బాగానే బతికారు. ఆయనా, ఆయన పాత జెనరేటరూ ఒకరి వెనక ఒకరు ఆగిపోయారు. ఇద్దరిలో ఎవరి చప్పుడు లేక నిద్ర పట్టడం లేదో తెలియడం లేదని ఆమె వదినతో అనేది. అని, ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ తర్వాత అన్నగారి ఇంటికే వచ్చి ఉంది.

చరిత్ర పుస్తకాల్లో ఏ హత్య తిరగేసినా, చచ్చినవాడి గురించి ఒక అధ్యాయం, చంపినవాడి గురించి రెండు అధ్యాయాలు ఉంటాయి. ఆ పూట కుర్చీలు వేసినవాళ్ళూ, దీపాలు కట్టినవాళ్ళూ, మంచినీళ్ళు పోసినవాళ్ళూ ఏమయ్యారన్నది ఎక్కడా ఉండదు. వాళ్ళూ ఆ రోజు ఇంటికి వెళ్ళి ఉంటారు కదా. అన్నం దగ్గర కూర్చుని ఉంటారు కదా.

ఈ మధ్య ఒక పత్రిక వాళ్ళకి పెద్దాయన గుర్తొచ్చాడు. పాత ఫొటో బయటికి తీసి, లేచిన చేతి చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, 'ఈ చెయ్యి ఎవరికి సైగ చేసింది?' అని కింద అచ్చు వేశారు. వదిన ఆ కాగితాన్ని స్టవ్వు కిందికి తోసేలోపే అన్నయ్య చూశాడు. ఆ పూట కాయిలు ముందు కూర్చున్నాడు గానీ తీగ కదల్లేదు. చెల్లెలు టీ తెచ్చి పక్కన పెడితే, తల ఎత్తకుండానే అడిగాడు.

"వాడు నా చెయ్యి చూసే కాల్చాడంటావా?"

ఆమెకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇన్నేళ్ళూ లోకం అన్నయ్యని అనుమానిస్తోందనే ఆమె కుమిలిపోయింది. అన్నయ్య మాత్రం తనని తానే అనుమానించుకుంటూ కూర్చున్నాడు. తన చెయ్యి కోసం ఆ తెర వెనక మనిషి కాచుకుని ఉన్నాడేమో! తెలియకుండానే 'కానివ్వు' అన్నది తనేనేమో!

"అదేం మాట అన్నయ్యా, నాకోసం కదా ఎత్తావు."

"నీకోసమే. కానీ వాడు కూడా చూశాడేమో. అదొక్కటి తెలిస్తే చాలే. ఎటు తేలినా సరే."

ఆయనకి అప్పటికే ఆయాసం. మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కుతున్నాడు. ఎటు తేలినా సరే అన్న మనిషి, ఏమీ తేలకుండానే పోతాడేమోనని ఆమెకి భయం పట్టుకుంది. మర్నాడే కొట్టు పనివాళ్ళకి అప్పగించి, చెప్పులేసుకుని బయల్దేరింది.

ప్రభుత్వ కార్యాలయాల్లో బల్లల గురించి ఎవరైనా తీరిగ్గా ఒక గ్రంథం రాయాలి. ఎక్కడికి వెళ్ళినా ఒకటే బల్ల. మధ్యలో కూర్చున్నవాళ్ళ బరువుకి వంగి, చివర్లలో కూర్చున్నవాళ్ళని మధ్యకి జార్చే బల్ల. సౌండక్క దాని మీద కూర్చోవడంలో ఆరితేరింది. మొదట పోలీసు ఠాణా. అక్కడివాళ్ళు ఈ కేసు మా తాతల కాలానిది, పెద్దాఫీసుకి వెళ్ళమన్నారు. పెద్దాఫీసులో, దర్యాప్తు ముగిసిపోయింది కనక ఇప్పుడు చెప్పవలసిందేమీ లేదని జవాబొచ్చింది. అక్కడినుంచి ప్రత్యేక విభాగానికి వెళ్తే, దర్యాప్తు ఇంకా ముగియలేదు కనక ఏమీ చెప్పకూడదన్నారు. ఆమె రెండు జవాబులూ పట్టుకెళ్ళి, పై అధికారి గది బయట కూర్చున్న గుమాస్తా బల్ల మీద పక్కపక్కన పెట్టి, ముగిసిందో లేదో మీలో మీరు తేల్చుకుని చెప్పండి, నేనిక్కడే కూర్చుంటానంది. అని కూర్చుంది. బల్ల మామూలుగానే మధ్యకి జార్చింది.

అలా ఎన్నిసార్లు కూర్చుందో. ఆఫీసులో మెల్లగా ఆమె ఉనికి అలవాటైంది. ఫ్యాను గరగరమంటుంటే ఏ స్క్రూ వదులైందో ఆమే చెప్పేది. పింఛను తీసుకోబోతున్న ఒకాయన, వీడ్కోలు సభకి మైకు మీరే పెట్టాలని ఒప్పించుకున్నాడు. పై అధికారిణి చిన్న వయసు మనిషి, మర్యాదస్తురాలు. ఒకసారి లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మీ అన్నగారి మీద ఏ కేసూ లేదు, ఇంకేం కావాలి అని మెత్తగా అడిగింది. సౌండక్క, కేసు ఉంటే బాగుండేదమ్మా, కొట్టేసేవారు అంది. తనకి కావలసింది కాగితం కాదనీ, చూసినవాళ్ళెవరైనా ఒక మాట చెప్పడమనీ అంది. అధికారిణి పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, అప్పటికి తను పుట్టనేలేదని ఒప్పుకుంది. తెలియని సంగతి ఎలా చెప్పనని ఆవిడ బాధ. అదీ నిజమే.

దారి చూపించింది గుమాస్తాయే. ఒకరోజు భోజనాల వేళ, క్యారియరు మూత తీస్తూ, తనలో తను అనుకుంటున్నట్టుగా అన్నాడు.

"అప్పట్లో దర్యాప్తు చేసిన సారు ఉన్నాడుగా. అల్లుడి ఇనప సామాన్ల కొట్టు మీద మేడలో. నేను చెప్పలేదు."

"మీరేం చెప్పారు? నేనేం విన్నాను?" అని సౌండక్క అప్పుడే లేచింది.

ఇనప కొట్టు పక్కన ఇరుకు మెట్లు. పైన వరండాలో పడక కుర్చీలో బక్కపల్చటి మనిషి, ఎడమ చెవిలో వినికిడి యంత్రం. దర్యాప్తు దొరగారంటే ఆమె మనసులో ఇంకా మీసాలూ బూట్లూ ఉన్నాయి. ఆయన కాళ్ళకి ఊలు మేజోళ్ళున్నాయి. ఎవరమ్మా అని అడిగి, చెప్తే వినపడక, యంత్రం పెంచుకున్నాడు. అది కుయ్యిమని కూత పెట్టింది. ఆలోచన లేకుండానే సౌండక్క అరచెయ్యి పైకి లేచింది. ఆయన వెంటనే చెవి దగ్గర మీట తగ్గించాడు. కూత ఆగింది.

ఆయన చూపు ఆమె అరచేతి మీదే ఉండిపోయింది.

"నువ్వు ఆ మైకు మనిషి తాలూకు" అన్నాడాయన.

"చెల్లెల్ని. ఆ రోజు ఆంప్లిఫయరు ముందున్నదాన్ని."

"అన్నం తెచ్చిన పిల్ల అని రాసుకున్నాం."

"రాసుకున్నారా! నాకెవరూ చెప్పలేదు. అన్నం తెచ్చింది మా వదిన. పెట్టేసి వెళ్ళిపోయింది."

ఆయన నవ్వాడు. అంటే ఇప్పటికి దర్యాప్తులో ఒక తప్పు దొరికిందన్నమాట అన్నాడు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, వినపడే చెవి వైపు కూర్చుని, అన్నయ్య అడిగిన మాటని అడిగింది. ఒక్క మాట అటూ ఇటూ చెయ్యకుండా అడిగింది.

ఆయన ఆలోచించడానికి టైము తీసుకోలేదు. ఆ సంగతి మొదటి వారంలోనే తేలిపోయిందన్నాడు. ముందు పక్క ఊళ్ళ మైకు వాళ్ళని పిలిచి ఫొటో చూపిస్తే, అందరూ చెయ్యి చూడగానే తగ్గించమన్నాడని ఒక్కలాగే చెప్పారట. ఐనా పై వాళ్ళు ఒప్పుకోలేదట. అప్పుడు వేదికని మళ్ళీ కట్టించారు. పెద్దాయన నిలబడ్డ చోట ఒక కానిస్టేబుల్ని నిలబెట్టారు. అన్నయ్య ఉన్న చోట ఇంకొకణ్ణి చెయ్యెత్తి నిలబడమన్నారు. తెర వెనక, కాల్చినవాడి పాదాల గుర్తుల మీద, ఈయనే స్వయంగా నిలబడ్డాడు.

"ఏం కనపడింది?" అంది సౌండక్క.

"కానిస్టేబుల్ వీపు. తెర చీలిక బెత్తెడు. ఆ బెత్తెడంతా వీపే. మీ అన్న చెయ్యి కాదు కదా, మీ అన్నే కనపడడు. మైదానమే కనపడదు."

"మరి మా అన్నయ్యకి చెప్పలేదే?"

ఆయన మేజోడు పైకి లాక్కున్నాడు. రెండోదీ లాక్కున్నాడు. కింద కొట్టులో ఎవరో మేకులు తూకం వేయిస్తున్న చప్పుడు వచ్చింది.

"సాక్షుల్ని అడగడం మా పని. పై వాళ్ళకి చెప్పడం మా పని. సాక్షికి చెప్పడం ఎవరి పనో... నిజం చెప్తున్నా, ఎవరికీ తట్టలేదమ్మా. ఆయన ఎదురు చూస్తూ ఉంటాడని తట్టలేదు."

ఆమెకి కోపం వచ్చింది. వచ్చినంత వేగంగానూ వెళ్ళలేదు. మెట్లు దిగుదామని లేచి, గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగింది. ఇంటికి వెళ్ళి తను చెప్తే అన్నయ్య నమ్మడు. జ్వరమొచ్చినప్పుడు చేదు మందు తియ్యగా ఉందని చెప్పిందీ తనే, ఊళ్ళో అందరూ ఆయన క్షేమం అడుగుతున్నారని ఇన్నేళ్ళూ చెప్పిందీ తనే. ఇది కూడా ఆ జాబితాలో చేరిపోతుంది. వెనక్కి తిరిగి వచ్చి, సార్, లేవండి అంది. ఆయన తన మోకాళ్ళ గురించి చెప్పబోయాడు. ఆమె మోకాళ్ళ గురించి తర్వాత మాట్లాడుకుందామని, సామాన్లు మోసే తన వ్యాను ముందు సీట్లో ఆయన్ని జాగ్రత్తగా కూర్చోబెట్టింది. ఖరీదైన డబ్బాలని కూడా ఆమె ఎప్పుడూ అంత నెమ్మదిగా తీసుకెళ్ళలేదు.

అన్నయ్య ఆయన్ని చూడగానే గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. పాత అలవాటు. ఆయన కూర్చోమని చెప్పి, తనూ కూర్చుని, వరండాలో చెప్పినదంతా మళ్ళీ చెప్పాడు. వదిన గుమ్మంలో నిలబడి, చేతిలో గరిటె ఉన్న సంగతి మర్చిపోయి వింది.

"మీరే నిలబడి చూశారా? ఎవరో చెప్తే విన్నారా?" అన్నాడు అన్నయ్య.

"నేనే నిలబడ్డాను."

"ఆ తెర కట్టింది డేరావాళ్ళు కదా?"

"డేరావాళ్ళే."

"అమ్మయ్య. అది మా లెక్కలోది కాదు." మళ్ళీ అడిగాడు. "చెయ్యి చూసి ఆయన నావైపు తిరిగాడు సార్. తిరక్కపోయి ఉంటే?"

దర్యాప్తు అధికారి ఏదో ఓదార్పు మాట అంటాడేమో, అంటే మొత్తం చెడుతుందని సౌండక్క భయం.

"అది నాకు తెలీదు" అన్నాడాయన. "ఎవరికీ తెలీదు. వాడు కాల్చాలనే వచ్చాడన్నది మాత్రం తెలుసు."

అన్నయ్య తల ఊపాడు. ఒక మనిషి తనకి తెలిసింది తెలుసనీ, తెలియంది తెలియదనీ తన ముందు కూర్చుని చెప్పడం ఆయనకి ఇదే మొదటిసారి. చెల్లెలు తెచ్చి పెట్టిన టీ తీసుకుని తాగాడు. పూర్తిగా తాగాడు. వదిన అది చూసి మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళింది.

అధికారి కప్పు కింద పెట్టాడు గానీ లేవలేదు. ఏదో అడగాలని ఉన్నట్టూ, అడిగే హక్కు ఉందో లేదో అన్నట్టూ కదిలాడు.

"నాదీ ఒకటి మిగిలిపోయింది. ఫొటోలో ఆయన మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి మీతో ఏదో అంటున్నట్టుంది. పెదాలు కదిలాయని ముందు వరసవాళ్ళు చెప్పారు. మైకులో రాలేదు. మిమ్మల్ని అడుగుదామని పై వాళ్ళకి రాస్తే, కేసుకి సంబంధం లేదని కొట్టేశారు."

"అన్నాడు సార్."

సౌండక్క ఉలిక్కిపడింది. ఇంత కాలం ఒక ఇంట్లో ఉంటూ ఆమె ఈ సంగతి వినలేదు.

"ఎవరూ అడగలేదు కదా" అన్నాడు అన్నయ్య చెల్లెలివైపు చూసి. "తర్వాత చెప్తే, కట్టి చెప్తున్నాననుకుంటారని ఊరుకున్నా. నా చెయ్యి చూసి ఆయన నవ్వాడు. 'నువ్వు కూడా తగ్గమంటున్నావా? పొద్దున్నే మా ఆవిడ అంది' అన్నాడు. అంతే. ఆ నవ్వు మొహం మీద ఉండగానే..."

అధికారి యంత్రం మీట కోసం చెవి దగ్గర తడుముకున్నాడు. చివరి ముక్కలు అందలేదు, మళ్ళీ చెప్పమని బతిమాలాడు.

అన్నయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పెద్దాయన సభలు కొన్ని వందలు విన్నవాడు. గొంతు సవరించుకుని, ఆ బొంగురూ, ఆ సాగదీతా, ఆ కొంటెతనమూ ఏదీ పోకుండా, ఈసారి గది దాటి వినపడేలా చెప్పాడు. వంటింట్లో వదిన, కుళాయి కట్టేసి మరీ వింది.